స్టార్‌లింక్ కిట్, సర్వీసు: డిష్ పెట్టే చోటు కుదిరితేనే మిగతావన్నీ

ఉపగ్రహాల నుంచి నేరుగా ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చే స్పేస్‌ఎక్స్ సర్వీసు స్టార్‌లింక్. మామూలు టీవీ డిష్ బిగించి అలవాటైన చేతికి దాని డిష్ అసలు డిష్‌లా అనిపించదు. గిన్నె ఆకారం లేదు, ముందుకు పొడుచుకొచ్చి సిగ్నల్ అందుకునే ఎల్ఎన్‌బీ లేదు. పెట్టెలోంచి వచ్చేది ఒక చదునైన పలక, దాన్ని వాలుగా నిలబెట్టే కాలు, వైఫై రూటర్, పవర్ సప్లై, 15 మీటర్ల కేబుల్. పలక లోపల చిన్న చిన్న యాంటెన్నాలు వందల కొద్దీ వరసగా పేర్చి ఉంటాయి. ఒక్కోదానికి వెళ్లే సిగ్నల్ ఫేజ్‌ను, అంటే అల మొదలయ్యే క్షణాన్ని, కాస్త ముందు వెనకలుగా మారుస్తూ, పలక కదలకుండానే కిరణాన్ని కావలసిన వైపు తిప్పుతుంది. ఇదే ఫేజ్డ్ అర్రే. పాత మోడళ్లలో డిష్ తనంతట తాను దిశ వెతుక్కోడానికి మోటార్లుండేవి. ఇప్పటి స్టాండర్డ్ కిట్‌లో అవి తీసేశారు, దిశ మనమే సరిచూసుకోవాలి. పాడయ్యే భాగం ఒకటి తగ్గింది కాబట్టి మంచి మార్పే.

కిరణాన్ని అంతలా తిప్పాల్సిన అవసరం ఎందుకొచ్చిందో తెలిస్తే ఈ సర్వీసులో మంచీ చెడూ రెండూ అర్థమవుతాయి. టీవీ ఉపగ్రహం భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున మన కంటికి కదలనట్టే ఉంటుంది. ఒకసారి గురిపెట్టి నట్లు బిగిస్తే చాలు. కానీ ఆ ఎత్తులో ఇంటర్నెట్ నడిపితే మన రిక్వెస్ట్ పైకెళ్లి కిందికి రావాలి, జవాబు మళ్లీ పైకెళ్లి కిందికి రావాలి. మొత్తం సుమారు 1,43,000 కిలోమీటర్లు. కాంతి వేగంతో వెళ్లినా ప్రయాణానికే దాదాపు అర సెకను పోతుంది. వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోయేది అందుకే. స్టార్‌లింక్ ఉపగ్రహాలు 550 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా తిరుగుతాయి. అదే లెక్కన ప్రయాణం 10 మిల్లీసెకన్ల లోపే. నేల మీది స్టేషన్, అక్కడి నుంచి ఫైబర్ దారి, క్యూలో ఆగే సమయం అన్నీ కలిపితే మామూలుగా 25 నుంచి 60 మిల్లీసెకన్ల మధ్య పింగ్ (రిక్వెస్ట్ వెళ్లి జవాబు వచ్చే సమయం) వస్తుంది. కాల్స్‌కు, ఆఫీసు పనికి ఇది హాయిగా సరిపోతుంది.

కిందికి దించినందుకు కట్టే మూల్యం ఏమిటంటే, ఉపగ్రహం నిలబడదు. సెకనుకు సుమారు 7.6 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతూ, ఒక్కోటి కొన్ని నిమిషాలే మనకు అందుబాటులో ఉంటుంది. ఏ డిష్ ఏ ఉపగ్రహంతో మాట్లాడాలన్నది నెట్‌వర్క్ ప్రతి 15 సెకన్లకోసారి మళ్లీ తేలుస్తుంది. పింగ్ గ్రాఫ్ తీసి చూస్తే 15 సెకన్ల మెట్లు స్పష్టంగా కనిపిస్తాయి: కాసేపు 30 దగ్గర, ఒక్కసారిగా 45కు, మళ్లీ కిందికి. సినిమా చూసేవాడికి ఈ తేడా తెలియదు. తూటా తగిలిందా లేదా అన్నది మిల్లీసెకన్లలో తేలే ఆటలు ఆడేవాడికి మాత్రం తెలుస్తుంది.

అందుకే ఈ కిట్‌కు ఆకాశంలో ఒక మూల చాలదు, పెద్ద ముక్క కావాలి. స్టాండర్డ్ డిష్ చూపు 110 డిగ్రీలు. పలకను నేలకు సమాంతరంగా పెడితే, చుట్టూ 35 డిగ్రీల ఎత్తు నుంచి నడినెత్తి దాకా అంతా ఖాళీగా ఉండాలన్నమాట. చేతిలెక్క ఇలా వేసుకోవచ్చు: 10 మీటర్ల దూరంలో ఉన్న చెట్టు, డిష్ మట్టం నుంచి 7 మీటర్లు దాటితే అడ్డొస్తుంది. 20 మీటర్ల దూరంలో ఉంటే 14 మీటర్ల దాకా ఫర్వాలేదు. పలక ఎటు వాలి ఉందో ఆ వైపు ఈ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. ఎటు వాల్చాలన్నది ఉన్న చోటును బట్టి ఫోన్‌లోని స్టార్‌లింక్ యాప్ చెబుతుంది. దాన్ని కాదని సొంత తెలివితో టీవీ డిష్ వైపుకు తిప్పితే నష్టమే. టీవీ ఉపగ్రహాల్లా కదలనట్టుండే భూస్థిర ఉపగ్రహాల సిగ్నల్‌కు అడ్డు రాకూడదన్న నియమం ఉంది కాబట్టి, టీవీ డిష్‌లు చూసే ఆ పట్టీని ఈ నెట్‌వర్క్ కావాలనే తప్పించుకుంటుంది.

కిట్ కొనకముందే యాప్ దించుకుని, డిష్ పెట్టాలనుకున్న చోట నిలబడి, ఫోన్ కెమెరాతో ఆకాశాన్ని స్కాన్ చేయండి. నేల మీద ఒకసారి, పైకప్పు మీద ఒకసారి చూస్తే తేడా తెలుస్తుంది. ఫలితం చదవడంలోనే చాలామంది పొరపడతారు. 2 శాతం అడ్డు అంటే వేగం 2 శాతం తగ్గుతుందని కాదు. ఉపగ్రహం ఆ కొమ్మ వెనక్కి వెళ్లిన ప్రతిసారీ లింకు కొన్ని సెకన్లు తెగుతుందని. వీడియో బఫర్ దాన్ని మింగేస్తుంది, ఫోన్ కాల్ మింగలేదు. పైగా ఆకులు తడిస్తే అడ్డు ఇంకా పెరుగుతుంది. ఎండాకాలం ఆకు రాలినప్పుడు బాగా పనిచేసిన చోటు, చిగుళ్లొచ్చి వానలు పడ్డాక మొరాయించడానికి కారణం ఇదే.

బిగింపు పనిలో ఎక్కువగా దెబ్బతినేది కేబుల్ దగ్గర. నీళ్లు చేరకుండా ప్లగ్ చుట్టూ రబ్బరు సీలు ఉంటుంది, అది బిగుతుగా ఉండడంతో పూర్తిగా దిగకముందే దిగిందనుకుని వదిలేస్తారు. ఆ తర్వాత డిష్ దొరకలేదని యాప్ అంటుంది, లేదా లింకు వస్తూ పోతూ ఉంటుంది. ప్లగ్ అంచు డిష్ గాడిలో మట్టంగా కూర్చునేదాకా నొక్కండి. డిష్‌కు కరెంటు కూడా ఈ కేబుల్లోంచే వెళ్తుంది. పొడవు చాలలేదని దొరికిన నాసిరకం నెట్‌వర్క్ కేబుల్ అతికితే, సన్నటి తీగలో వోల్టేజీ పడిపోయి డిష్ మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది. గోడ రంధ్రంలోకి పోయేముందు కేబుల్‌ను ఒక జానెడు కిందికి వేలాడనిచ్చి పైకి తీసుకోండి. వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది, ఇంట్లోకి రాదు. పైపు మీద నిలబెడితే గాలికి ఊగకుండా బిగించాలి, ఎర్తింగ్ ఇవ్వాలి.

మొదటిసారి ఆన్ చేశాక సాఫ్ట్‌వేర్ తనను తాను సరిచేసుకోడానికి సమయం తీసుకుంటుంది, మధ్యలో ప్లగ్ పీకకండి. ఆకాశంలో ఎటు అడ్డు ఉందో ఎరుపులో చూపే యాప్‌లోని అడ్డంకుల పటం నిండడానికి గంటలు పడుతుంది. పది నిమిషాల స్పీడ్ టెస్ట్ చూసి నట్లన్నీ బిగించేయకుండా, ఒక రోజు ఆగి పటంలో ఎరుపు ఎక్కడుందో చూసి అప్పుడు ఖాయం చేయండి.

వేగం విషయంలో, డౌన్‌లోడ్ 100 ఎంబీపీఎస్ దాటడం మామూలే. అప్‌లోడ్ దానిలో చాలా చిన్న భాగం. ఆ చిన్న పలకకు పంపే శక్తి తక్కువ, పంపే సమయాన్ని కూడా చుట్టుపక్కల డిష్‌లతో పంచుకోవాలి. పెద్ద వీడియో ఫైళ్లు రోజూ పైకి ఎక్కించేవారు ఈ సంగతి ముందే లెక్కలోకి తీసుకోవాలి. ఒక ప్రాంతంలోని డిష్‌లన్నీ అదే కిరణాల సామర్థ్యాన్ని పంచుకుంటాయి. కనెక్షన్లు పెరిగిన చోట సాయంత్రం వేగం పడిపోతుంది, దానికి డిష్ ఎంత తిప్పినా ఉపయోగం లేదు. మబ్బు, చిన్న జల్లు లెక్కలోకి రావు. కుండపోత అయితే డిష్‌కూ ఉపగ్రహానికీ మధ్య నడిచే కు బ్యాండ్ (Ku) సిగ్నల్ కొన్ని నిమిషాలు పోవచ్చు. మీ దగ్గర ఎండ కాస్తున్నా నేల స్టేషన్ దగ్గర వాన పడితే కూడా ప్రభావం ఉంటుంది, ఎందుకంటే ఆ వైపు లింకులో వాడే, ఇంకా ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న కా బ్యాండ్ (Ka) వానకు మరింత దెబ్బతింటుంది.

కరెంటు ఖర్చును జనం తేలిగ్గా తీసుకుంటారు. స్టాండర్డ్ డిష్ 75 నుంచి 100 వాట్లు లాగుతుంది. 24 గంటలూ నడిస్తే రోజుకు 1.8 నుంచి 2.4 యూనిట్లు. మినీ మోడల్ 25 నుంచి 40 వాట్లతో సరిపెట్టుకుంటుంది, రూటర్ దానిలోనే ఉంటుంది, 12 నుంచి 48 వోల్టుల డీసీ నేరుగా తీసుకుంటుంది. 12 వోల్టుల 100 ఏహెచ్ లెడ్ బ్యాటరీలో సగమే వాడినా మినీ 15 నుంచి 24 గంటలు నడుస్తుంది. అదే బ్యాటరీ మీద స్టాండర్డ్ 6 నుంచి 8 గంటలు, అదీ ఇన్వర్టర్ నష్టం తీసేయకముందు లెక్క. మినీని పొడవాటి సన్నటి వైరుతో 12 వోల్టుల మీద నడపకండి. వైరులోనే వోల్టేజీ పోయి, డౌన్‌లోడ్ ఊపందుకున్న క్షణంలోనే ఆరిపోతుంది. 24 వోల్టులైతే ఆ గొడవ తగ్గుతుంది.

నెట్‌వర్క్ పని తెలిసినవాళ్లకు చిరాకు పుట్టించేది సీజీనాట్, అంటే ఒకే పబ్లిక్ అడ్రస్‌ను చాలామంది కస్టమర్లకు పంచే పద్ధతి. మామూలు ఇంటి ప్లాన్‌లో బయటివాళ్లు నేరుగా చేరుకోగల సొంత పబ్లిక్ ఐపీవీ4 (పాత తరహా ఇంటర్నెట్) అడ్రస్ రాదు. ఇంట్లోని కెమెరా రికార్డర్‌ను పోర్ట్ ఫార్వర్డింగ్‌తో, అంటే బయటి రిక్వెస్ట్‌ను రూటర్ ఇంట్లోని పరికరానికి మళ్లించేలా పెట్టి, బయటి నుంచి చూద్దామంటే కుదరదు. కొత్త తరహా ఐపీవీ6 అడ్రస్ ఇస్తారు కాబట్టి అవతలి కనెక్షన్లో కూడా అది ఉంటే దారి దొరుకుతుంది, లేకపోతే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ టన్నెల్ పెట్టుకోవాలి. సొంత రూటర్ వాడాలంటే, స్టార్‌లింక్ రూటర్‌ను పక్కకు తప్పించే బైపాస్ మోడ్ ఉంది. అప్పుడు కూడా డిష్ స్థితి 192.168.100.1 దగ్గర కనిపిస్తుంది, రూటర్‌లో ఆ అడ్రస్‌కు స్టాటిక్ రూట్ (ఎటు పంపాలో చెప్పే స్థిరమైన దారి) రాసుకుంటే చాలు.

సర్వీసు నిలకడ గురించి ఒక మాట. ఈ ఉపగ్రహాల ఆయుష్షు సుమారు అయిదేళ్లే, కాబట్టి పంపుతూనే ఉండాలి. తొలి 60 మే 2019లో స్పేస్‌ఎక్స్ సొంత రాకెట్ ఫాల్కన్ 9 మీద వెళ్లాయి. పలచగా మడిచి పేకముక్కల్లా ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. పైకి చేరాక రాకెట్ చివరి దశ నెమ్మదిగా తిరుగుతుండగా పట్టి ఉంచిన కడ్డీలు వదిలేస్తాయి, దొంతర దానంతట అదే విడిపోతుంది. తర్వాత ఒక్కోటి సొంత థ్రస్టర్లతో వారాల తరబడి పైకి ఎక్కుతుంది. ఆ మధ్యకాలమే గండం. ఫిబ్రవరి 2022లో పంపిన 49లో 38, సౌర తుపాను వల్ల పైవాతావరణం ఉబ్బి రాపిడి పెరగడంతో తిరిగి పడి కాలిపోయాయి. వాడేవాళ్లకు తెలిసొచ్చిన దెబ్బ మాత్రం 24 జులై 2025ది. ఉపగ్రహాలన్నీ బాగానే ఉన్నా, లోపలి సాఫ్ట్‌వేర్ సేవలు విఫలమై ప్రపంచమంతటా సర్వీసు దాదాపు రెండున్నర గంటలు ఆగింది.

పోటీ సంగతికొస్తే, వన్‌వెబ్ 1,200 కిలోమీటర్ల ఎత్తున ధ్రువాల మీదుగా తిరుగుతుంది. దానిలో 72 ఉపగ్రహాలను 2022, 2023లో శ్రీహరికోట నుంచి ఇస్రో రాకెట్ ఎల్‌వీఎం3 రెండు విడతల్లో మోసింది. అది ప్రధానంగా సంస్థలకు అమ్మే సర్వీసు. ఉపగ్రహాల మధ్య లేజర్ లింకులు లేవు, కనుక ఉపగ్రహానికి మీరూ నేల స్టేషనూ ఒకేసారి కనిపించాలి. అమెజాన్ తన తొలి విడత 27 ఉపగ్రహాలను ఏప్రిల్ 2025లో పంపింది, లక్ష్యం మూడు వేల పైచిలుకు.

ఫైబర్ ఉన్న ఇంటికి ఇది మొదటి కనెక్షన్‌గా వద్దు. రెండోదిగా పెట్టుకునేవాళ్లు డ్యూయల్ వ్యాన్ (రెండు ఇంటర్నెట్ లైన్లు పట్టే) రూటర్‌లో ఒక సెట్టింగ్ చూసుకోవాలి. లింకు పోయిందని తేల్చడానికి ఒక్క పింగ్ (రూటర్ పంపే పరీక్ష సందేశం) తప్పితే చాలన్నట్టు సెట్టింగ్ ఉండొచ్చు. అలా వదిలేస్తే ఉపగ్రహం మారేటప్పుడు ఒక్క పింగ్ తప్పినా రూటర్ కంగారుపడి లైన్లు మారుస్తుంది, నడుస్తున్న కాల్ తెగుతుంది. రెండు వేర్వేరు అడ్రస్‌లను పింగ్ చేయించి, వరసగా అయిదారు తప్పాకే మారేలా పెట్టండి.