సైకిల్ దిగి రైలెక్కడానికి ఎన్ని నిమిషాలు? నెదర్లాండ్స్‌లో మా వారం రోజులు

నేనూ మా తమ్ముడూ మే నెలలో నెదర్లాండ్స్‌లో వారం రోజులు తిరిగి వచ్చాం. ఊరికీ ఊరికీ మధ్య రైలు, ఊళ్లో సైకిలు, ఇదీ మా ప్లాన్. వెళ్లేముందు చదివినవన్నీ ఏం చూడాలి, సైకిల్ ఎక్కడ అద్దెకు దొరుకుతుంది అని చెప్పినవే. ఆ అద్దె సైకిల్‌ని స్టేషన్ దగ్గర ఎక్కడ పెట్టాలో, రాత్రిపూట ఎక్కడ ఉంచాలో ఎవరూ సరిగ్గా రాయలేదు. మాకు టెన్షన్ అంతా అక్కడే వచ్చింది. అందుకే సైకిల్ పార్కింగుల గురించే ఇంత రాస్తున్నాను.

ఉట్రెక్ట్‌లో బస చేశాం. దేశం మధ్యలో ఉన్న ఊరు, ఎటు వెళ్లాలన్నా రైలు దొరుకుతుంది, ఆ లెక్కన చూస్తే మంచి నిర్ణయమే. హోటల్ బుక్ చేసేటప్పుడు సైకిల్ పెట్టుకోవడానికి చోటుందా అని రాసి అడిగితే ఉంది అన్నారు. తీరా వెళ్లి చూస్తే సందులో గోడకు బిగించిన మూడు ఇనుప కమ్మీలు, వాటికి అప్పటికే ఏడెనిమిది సైకిళ్లు ఒకదాని మీద ఒకటి ఆనించి తాళాలేసి ఉన్నాయి. పైన కప్పు లేదు, ఎదురుగా దీపం కూడా లేదు. అద్దె సైకిల్ పోతే డిపాజిట్ పోతుందని కాగితం మీద సంతకం పెట్టి వచ్చిన వాళ్లం, దాన్ని అక్కడ వదిలి నిద్రపోలేం కదా. మంచి గది, శుభ్రమైన పక్కలు, అన్నీ బాగున్నాయి. కానీ సైకిల్ విషయంలో అడిగినదానికి నిజం చెప్పలేదన్న బాధ వారమంతా ఉండిపోయింది. మీరు బుక్ చేసేటప్పుడు "పార్కింగ్ ఉందా" అని అడగొద్దు, "లోపలా బయటా, తాళం వేసే గది ఉందా" అని అడగండి.

ఆ రాత్రి రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయే సలహా చెప్పింది, స్టేషన్ పార్కింగ్‌లో పెట్టేయండి, ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుంది, మొదటి రోజు డబ్బులు కూడా అడగరు అని. పది నిమిషాల దారి. ఆ పది నిమిషాలు సైకిల్ తొక్కుకుంటూ వెళ్లి మేం చూసింది ప్రపంచంలోకెల్లా పెద్ద సైకిల్ పార్కింగ్.

ఉట్రెక్ట్ సెంట్రల్ స్టేషన్ ముందున్న చౌకు కింద మూడు అంతస్తుల్లో ఉంటుంది. 2017లో కొంత భాగం తెరిచారు, 2019 ఆగస్టులో మొత్తం పూర్తయింది. 12,500 సైకిళ్లు పడతాయి. అంకె పెద్దదే, కానీ నన్ను ఆకట్టుకున్నది అది కాదు. సైకిల్ దిగకుండా తొక్కుకుంటూనే లోపలికి పోవచ్చు! వీధిలో ఉన్న సైకిల్ దారే నేరుగా లోపలికి దిగుతుంది, గేటు దగ్గర కార్డు ఆనించాక మళ్లీ ఎక్కి, ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకి వాలు దారిలో తొక్కుకుంటూ వెళ్లి మనకు కావలసిన వరస ముందు దిగడమే. ప్రతి వరస మొదట్లోనూ ఎన్ని ఖాళీలున్నాయో వెలిగే అంకెల్లో కనిపిస్తుంది కాబట్టి వెతుక్కుంటూ తిరిగే పని లేదు. అక్కడి నుంచి మెట్లెక్కితే ఒకవైపు స్టేషన్ హాలు, ఒకవైపు ప్లాట్‌ఫారాలు, ఇంకోవైపు చౌకు. మర్నాడు పొద్దున నేను గడియారం చూసుకున్నాను, సైకిల్ దిగిన క్షణం నుంచి ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టేదాకా నాలుగు నిమిషాలు. ఆ తర్వాత ఏ ఊళ్లో ఏ పార్కింగ్ చూసినా నేను వేసిన లెక్క ఇదొక్కటే, ఎన్ని స్టాండ్లు ఉన్నాయని కాదు, దిగి రైలెక్కడానికి ఎన్ని నిమిషాలు పట్టిందని.

కార్డు సంగతి వివరంగా చెప్పాలి. మేం వెళ్లినప్పుడు అక్కడ రైలుకీ బస్సుకీ ట్రాముకీ వాడే ఓవీ-చిప్‌కార్డ్ అనే కార్డే సైకిల్ పార్కింగ్ గేటుకీ పనిచేసేది. పేరు లేని కార్డు అప్పట్లో ఎవరైనా కొనుక్కోగలిగేవాళ్లు, మేం చెరొకటి కొన్నాం. ఒక్కో సైకిల్‌కి ఒక్కో కార్డు ఉండాలి, లోపలికి ఏ కార్డు ఆనించామో బయటికి వచ్చేటప్పుడూ అదే ఆనించాలి. దీనివల్ల మన సైకిల్ ఇంకొకరు తోసుకుపోవడం కష్టం. మొదటి 24 గంటలు ఉచితం, ఆ తర్వాత రోజుకి ఒక యూరో పైచిలుకు. మేం రోజూ సైకిల్ బయటికి తీసేవాళ్లం కాబట్టి వారమంతా పైసా కట్టలేదు. రాత్రి సైకిల్ అక్కడ పెట్టి హోటల్‌కి నడిచి రావడం, పొద్దున మళ్లీ నడిచి వెళ్లడం అలవాటైపోయింది.

సైకిల్ పెట్టడం గురించి ఇంకో మాట, ఎవరూ చెప్పనిది. స్టాండ్లు రెండు అంతస్తులుగా ఉంటాయి. కింది వరస పొద్దున్నే నిండిపోతుంది, మిగిలేది పై వరసే. అక్కడి అద్దె సైకిళ్లు బరువు, ఇరవై కిలోల దాకా ఉంటాయి, నేను చూస్తే అయిదడుగులు. మొదటిరోజు దాన్ని ఎత్తాలేమోనని భయపడి నిలబడిపోయాను. తమ్ముడు పక్క వరసలో ఒకావిడ చేస్తున్నది చూసి వచ్చి, "అక్కా, ఎత్తక్కర్లేదు, ముందా పట్టాని నీ వైపుకి లాగు" అన్నాడు. నిజమే, పై వరసలో సైకిల్ నిలబెట్టే ఆ పొడవాటి పట్టా లాగితే బయటికి వచ్చి కిందికి వాలుతుంది. ముందు చక్రం గాడిలో పెట్టి సైకిల్‌ని తోసుకుంటూ ఎక్కించాలి, తర్వాత పట్టా చివర పట్టుకుని పైకి లేపితే స్ప్రింగు సగం బరువు మోస్తుంది, అలా లోపలికి తోసేయడమే. రెండో రోజుకి నేనే చేసుకున్నాను. అయినా పెద్దవయసు వాళ్లకీ, భుజం నొప్పి ఉన్నవాళ్లకీ ఇది కష్టమే. ముందు పెట్టె ఉండే పెద్ద సైకిళ్లకి, బుట్ట అడ్డం వచ్చేవాటికి విడిగా చోటుంది, కింది వరసలో కొన్ని పెద్దవాళ్ల కోసం కూడా అలాగే విడిచిపెడితే ఎంత బాగుండునో అనిపించింది.

మూడో రోజు ఆమ్‌స్టర్‌డామ్. సైకిళ్లు రైల్లో ఎక్కించుకుని వెళ్లాం. విడిగా సైకిల్ టికెట్ కొనాలి, మామూలు రోజుల్లో పొద్దున 6:30 నుంచి 9 దాకా, సాయంత్రం 4 నుంచి 6:30 దాకా సైకిల్ ఎక్కనివ్వరు. మడతపెట్టే సైకిల్‌కి మాత్రం ఈ గొడవేం లేదు, టికెట్ కూడా అక్కర్లేదు. పొద్దున తొమ్మిది దాటాక బయల్దేరాం, బాగానే ఉంది. సాయంత్రం అలసిపోయి స్టేషన్‌కి చేరేసరికి నాలుగుంబావు! ఇంకా రెండు గంటలకు పైగా ఆగాలి, సైకిళ్లు చేతిలో ఉన్నాయి, కాళ్లు లాగేస్తున్నాయి.

అప్పుడు వెళ్లాం నీళ్ల కింది పార్కింగ్‌కి. స్టేషన్ ఎదురుగా ఉన్న కాలవలో నీళ్లు తోడేసి, గుంట తవ్వి, గది కట్టి, మళ్లీ నీళ్లు నింపారు. నాలుగేళ్ల పని, ఆరు కోట్ల యూరోల ఖర్చు, 2023 జనవరిలో తెరిచారు. 7,000 సైకిళ్లు పడతాయి, వాటిలో 700 చోట్లు ఓవీ-ఫీట్స్ అనే అద్దె సైకిళ్లవి. స్టేషన్ వెనకవైపు ఇంకో 4,000కి విడిగా కట్టారు. ఇది రాకముందు స్టేషన్ పక్కన తాత్కాలికంగా అని 2001లో కట్టిన మూడంతస్తుల స్టాండు ఇరవై ఏళ్లకు పైగా ఉండిపోయిందట. కొత్తది మాత్రం కళ్లు తిప్పుకోలేనంత అందంగా ఉంది, తెల్లటి వెలుతురు, గుండ్రటి స్తంభాలు, నీళ్ల కింద ఉన్నామన్న ఇరుకే తెలియదు. అక్కడి నుంచి లోపలే మెట్రో వైపు నడిచి పోవచ్చు. కానీ తొక్కుకుంటూ దిగలేం, సైకిల్ పట్టుకుని కదిలే వాలు పట్టా మీద నిలబడి దిగాలి. సాయంత్రం కావడంతో దాని ముందు జనం ఆగి ఉన్నారు. సైకిళ్లు పెట్టి పైకి వచ్చేసరికి మాకు తొమ్మిది నిమిషాలు పట్టింది. అందంలో దీనికి ఎక్కువ మార్కులేస్తాను, రోజూ రైలు అందుకోవాల్సిన మనిషినైతే మాత్రం ఉట్రెక్ట్‌దే కావాలంటాను.

ద హేగ్, డెల్ఫ్ట్ సైకిళ్లు లేకుండా వెళ్లి చూశాం. ద హేగ్ సెంట్రల్ దగ్గర 2020లో తెరిచిన దాంట్లో 8,000 పడతాయి, గోడల పొడవునా వెలిగే గాజు పలకలున్నాయి, మ్యూజియంలోకి వచ్చామా అనిపించింది. డెల్ఫ్ట్‌లో స్టేషన్ కూడా నేల కిందే కాబట్టి పార్కింగ్‌కీ రైలుకీ మధ్య నడక తక్కువ.

ఓవీ-ఫీట్స్ గురించి ఆశ పెట్టుకోవద్దు. స్టేషన్ పార్కింగ్‌లోనే నీలం పసుపు రంగుల్లో వరసగా కనిపిస్తాయి, కానీ రైల్వే చందా ఉన్నవాళ్లకే ఇస్తారు. నాలుగు రోజుల కోసం వచ్చిన మనలాంటి వాళ్లు బయట దుకాణంలో అద్దెకు తీసుకోవాల్సిందే. వందల సైకిళ్లు కళ్లముందు ఖాళీగా ఉంటే మనకి ఇవ్వకపోవడం నాకు నచ్చలేదు, బయటి ఊళ్లవాళ్లకి కూడా కార్డు మీద ఇచ్చే ఏర్పాటు చేయాలి. దుకాణంలో తీసుకునేటప్పుడు వెనక చక్రానికి ఉండే తాళంతో పాటు గొలుసు తాళం కూడా అడగండి, సైకిల్ బుట్ట వెడల్పు చూసుకోండి, వెడల్పు బుట్ట మామూలు స్టాండులో పట్టదు.

స్టేషన్ చుట్టుపక్కల రెయిలింగులకు మాత్రం కట్టొద్దు. కట్టకూడని చోట కట్టిన సైకిళ్లని మున్సిపాలిటీ వాళ్లు తాళం కోసి ఎత్తుకుపోయి ఊరి బయటి డిపోలో పెడతారు, డబ్బు కట్టి తెచ్చుకోవాలి. మా పక్క గదిలో ఉన్న దంపతులకు సగం రోజు దానికే పోయింది.

ఆఖరి రోజు రాత్రి ద హేగ్ నుంచి ఉట్రెక్ట్‌కి వచ్చేసరికి పన్నెండు కావస్తోంది. వాన. ఈ వేళప్పుడు కింద పార్కింగ్‌లో ఎవరుంటారో అని నాకు లోపల జంకుగానే ఉంది. మెట్లు దిగితే పట్టపగల్లా దీపాలు, గేటు దగ్గర ఇద్దరు ఉద్యోగులు, రిపేరు చేయించుకున్న సైకిల్ తీసుకెళ్తున్న ఒక కుర్రాడు. వరస నంబరు ఫోన్లో ఫోటో తీసి ఉంచుకోవడంతో మా సైకిళ్లు రెండు నిమిషాల్లో దొరికాయి, సీట్లు పొడిగా ఉన్నాయి. కార్డు ఆనించాం, పచ్చ దీపం వెలిగింది, మర్నాడు పొద్దున్నే దుకాణంలో అప్పగించాలి కాబట్టి ఆ ఒక్క రాత్రికి వాటిని హోటల్ సందులోకే తొక్కుకుంటూ వెళ్లాం.