హెల్త్ సెన్సార్‌కి కాపలా: 6 అంకెల కోడా, గుండె చప్పుడా?

ఒంటికి అంటించుకునే ఈసీజీ ప్యాచ్, చేతికి పెట్టుకునే పల్స్ బ్యాండ్ గాల్లోనే డేటా పంపుతాయి కాబట్టి, పరాయి పరికరం "నేనూ మీవాడినే" అంటూ మధ్యలో దూరకుండా చూడాలి. దానికి రెండు దారులు చూద్దాం.

ఒకటి, బ్లూటూత్ జత చేసేటప్పుడు 6 అంకెల కోడ్ సరిచూసుకోవడం. 2014లో వచ్చిన 4.2 వెర్షన్ నుంచి తక్కువ కరెంటుతో నడిచే 'లో ఎనర్జీ' బ్లూటూత్ పరికరాలు కూడా ఎలిప్టిక్ కర్వ్ అనే గణిత పద్ధతిలో రహస్య కీ (డేటాకి తాళంచెవి లాంటి సంఖ్య) తయారు చేసుకోగలవు, దూరం నుంచి వింటూ కూర్చున్నవాడికి అది దొరకదు. చిక్కల్లా ప్యాచ్‌కి స్క్రీన్ ఉండదు, బటన్లూ ఉండవు, మరి అంకెలు ఎక్కడ చూపిస్తుంది? అందుకే ఇలాంటి వాటికి తరచూ 'జస్ట్ వర్క్స్' పద్ధతి పెట్టేస్తారు. అందులో అవతలున్నది ఎవరో తేల్చుకునే అడుగే లేదు! పోనీ స్టిక్కర్ మీద కోడ్ ముద్రిద్దామంటే, ఎప్పటికీ మారని కోడ్ ఒక్కసారి బయటపడితే అంతే సంగతులు.

రెండోది గుండె చప్పుడు. ఒక చప్పుడుకీ మరో చప్పుడుకీ మధ్య వ్యవధి మిల్లీసెకన్లలో మారుతూనే ఉంటుంది, ఒకే ఒంటి మీదున్న సెన్సార్లు దాన్ని ఏకకాలంలో కొలిచి, సరిపోలితేనే ఒకదాన్నొకటి నమ్ముతాయి. కోడ్ కొట్టే పనే లేదు, నాకు బాగా నచ్చేది అదే. ఆ వ్యవధుల నుంచే రహస్య కీ కూడా తయారు చేసుకోవచ్చు: ఒక్కో వ్యవధి నుంచి 4 బిట్లు (0 లేదా 1 అంకెలు) వస్తాయనుకుంటే 128 బిట్ల కీకి 32 వ్యవధులు, అంటే దాదాపు అర నిమిషం. కానీ మనిషి కదిలితే కొలతలు తప్పుతాయి, పైగా ముఖం రంగులో వచ్చే సూక్ష్మమైన మార్పుల నుంచి కెమెరా కూడా నాడిని పట్టగలదు.

నా ఓటు ఫోన్‌తో జత చేయడానికి కోడ్‌కే. ఒంటి మీది సెన్సార్లు తమలో తాము మాట్లాడుకునే చోట మాత్రం గుండె చప్పుడును అదనపు తనిఖీగా పెట్టండి, ఒక్కదాన్నే నమ్ముకుని ఇన్సులిన్ పంపు లాంటిదాన్ని వదిలేయకండి.