మిసిసిపీ సాండ్‌హిల్ క్రేన్ రెఫ్యూజ్: కొంగలు కనపడకపోయినా వెళ్లండి

ఈ రెఫ్యూజ్, అంటే వన్యప్రాణుల రక్షిత ప్రాంతం, అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో గోషే ఊరి దగ్గర ఉంది, ఐ-10 హైవే దిగితే దగ్గరే, ఎంట్రీ ఫ్రీ. మిసిసిపీ సాండ్‌హిల్ క్రేన్లు కనిపిస్తాయని మాత్రం గ్యారంటీ పెట్టుకోకండి, 1970ల్లో ముప్పై నలభైకి పడిపోయిన కొంగలవి, వాటి కోసమే 1975లో ఈ రెఫ్యూజ్ పెట్టారు, ఇప్పటికీ చాలా తక్కువే ఉన్నాయి. నేనైతే 5 స్టార్లూ ఇక్కడి నేలకే ఇస్తాను.

సీ.ఎల్. డీస్ ట్రైల్ మైలు కూడా ఉండదు. చూడగానే గడ్డి, అక్కడక్కడా పైన్ చెట్లు, ఇంతేనా అనిపిస్తుంది. వంగి చూడండి! పురుగుల్ని పట్టే పిచ్చర్ ప్లాంట్లు గుంపులు గుంపులుగా నిలబడి ఉంటాయి, అంచున తేనె, లోపల జారుడు, కిందికి తిరిగిన నూగు, పురుగు దిగిందంటే ఇక పైకి రావడం కష్టం. ఇక్కడి మట్టి పులుపు, నీళ్లు త్వరగా ఇంకవు, నైట్రోజన్ బాగా తక్కువ, అందుకే ఈ మొక్కలు దాన్ని పురుగుల్లోంచి లాక్కుంటాయి. బొటనవేలి గోరంత సన్‌డ్యూలు, ఇవీ పురుగుల్ని తినే మొక్కలే, కూడా ఉంటాయి, తొందరగా నడిస్తే అసలు కనపడవు.

నల్లగా కాలిన చోటు చూసి అయ్యో ఎవరు తగలబెట్టారో అనుకోకండి, సిబ్బందే లెక్క ప్రకారం కాలుస్తారు, నాకు బాగా నచ్చింది ఈ పనే. ఒకప్పుడు పిడుగులతో అంటుకునేది. కొన్నేళ్లకోసారి మంట పడకపోతే పొదలు కమ్మేసి పిచ్చర్ ప్లాంట్లకి ఎండ అందదు, కొంగలకి గూడు కట్టుకునే తెరపి ఉండదు. లాంగ్‌లీఫ్ పైన్ మొక్క మొదటి కొన్నేళ్లు గడ్డి దుబ్బులాగే ఉంటుంది, మంట పైనుంచి పోయినా పొడుగాటి ఆకుల మధ్య మొగ్గ బతుకుతుంది, ఇంత పకడ్బందీగా ఎలా తయారైందో అనిపించింది నాకు. గల్ఫ్ తీరం పొడుగునా ఇలాంటి తడి సవన్నాలే, అంటే అక్కడక్కడా చెట్లున్న గడ్డి నేలలే, ఉండేవంట, కాలవలు తవ్వి నీళ్లు తీసేసి, వరసల్లో పైన్ తోటలు వేసి, మంటలు ఆపేసి చాలావరకు పోగొట్టారు, మిగిలిన పెద్ద ముక్కల్లో ఇదొకటి.

వసంతంలో వెళ్తే పిచ్చర్ ప్లాంట్ల పూలు కూడా చూడొచ్చు. వాన పడ్డాక బాట మీద నీళ్లుంటాయి, బూట్లు వేసుకోండి, దోమల మందు మర్చిపోకండి. పిల్లలతో వెళ్తే మొక్కలు పీకొద్దని ముందే చెప్పండి. విజిటర్ సెంటర్ టైమింగ్స్ చూసుకుని బయల్దేరండి.