రావులపాలెం దగ్గరి ట్రైలర్ షెడ్డు: కారుకు తగిన బరువు చూసి చేసే పని

రావులపాలెం సమీపంలో హైవే పక్కనున్న ఒక వెల్డింగు షెడ్డులో, కుటుంబంతో వెళ్లి రాత్రి పడుకునేందుకు వీలైన చిన్న ట్రైలర్ చేయించుకున్నాము. మేస్త్రీ గారు కొలతలకంటే ముందు మా కారుతో వచ్చిన పుస్తకాన్ని అడిగి, అందులో లాగుడు పరిమితి, అంటే కారు ఎంత బరువు లాగగలదో, చూసిన తరువాతే ట్రైలర్ పొడవు నిర్ణయించారు. ఆ అంకె పుస్తకంలో లేని కారుకు ట్రైలర్ తగిలించే కొక్కెం బిగించనని ఆయన ముందే చెప్పడం నాకు ఎంతో నచ్చింది.

ఇంజను బలం ఒక్కటే చూస్తే చాలదు. నీళ్లు, సిలిండరు, పరుపులు, సామాను అన్నీ నింపిన తరువాతి బరువే లెక్కకు రావాలి; 100 లీటర్ల నీరే 100 కిలోలు తూగుతుంది. ఆ నిండు బరువులో సుమారు 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలి. తక్కువైతే వేగంలో ట్రైలర్ అటూఇటూ ఊగుతుంది, ఎక్కువైతే కారు వెనుక భాగం కుంగి ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. నిండుగా 900 కిలోలుండే ట్రైలర్‌కు ఇది 90 నుంచి 135 కిలోలు, పైగా కారు మోయగల బరువులో నుంచి మనుషుల బరువుతో పాటు దీన్ని కూడా తీసివేయాలి.

డెల్టా నేల చదునైనదే అయినా, కాలువ గట్ల మీది ఇరుకు మలుపులూ, సఖినేటిపల్లి రేవులో పంటు (వాహనాలను గోదావరి దాటించే పడవ) ఎక్కే వాలూ బ్రేకులను పరీక్షిస్తాయి కనుక, ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాలని ఆయన పట్టుబట్టారు. అది సరైన పట్టుదల.

వెనుక లైట్ల వైరింగు మాత్రం నాసిగా ఉంది. వాననీరు తగలకుండా తొడుగు మళ్లీ వేయించుకోవలసి వచ్చింది. ట్రైలర్ కూడా చట్టం దృష్టిలో వాహనమే కాబట్టి, బయానా ఇచ్చే ముందే రిజిస్ట్రేషన్ సంగతి రవాణా శాఖ కార్యాలయంలో విచారించుకోవాలి.