ఏడు వానాకాలాల తరువాత మా ఇంటి బయటి గోడలు

నల్లగొండలో పానగల్లు దారిన ఉన్న మా ఇంటికి 2018 నవంబరులో బయటి వైపు రంగులు వేయించాను. 1994లో కట్టిన ఇల్లు కావడంతో గోడలపై మొదట సున్నం, దాని మీద రెండు విడతల సిమెంటు రంగు ఉన్నాయి. నాలుగు గోడలకూ ఒకే ఎమల్షన్ రంగు, ఒకే మేస్త్రీ, రెండేసి కోటింగులు. అయినా ఈనాడు మూడు గోడలు ఒక తీరుగా, వెనుక గోడ మరొక తీరుగా ఉన్నాయి. తేడా అంతా రంగుకు ముందు చేసిన పనిలోనే ఉన్నది కనుక ఈ సమీక్ష కూడా ఆ పని గురించే.

అప్పట్లో పడమటి గోడను అరచేతితో రుద్దితే జొన్నపిండి పట్టుకున్నట్టు చెయ్యి తెల్లబడేది. సెల్లోటేపు అతికించి లాగితే జిగురు వైపంతా పొడి అంటుకుని వచ్చేది. పాత రంగు పట్టు ఎండకూ వానకూ సచ్చుబడి, పైన పొడి మాత్రమే మిగిలిందని దాని అర్థం. “లప్పం పెడితే అన్నీ కప్పుకపోతయి సార్, గోకుడెందుకు?” అన్నాడు మేస్త్రీ. లప్పమంటే గోడను నున్నగా చేసే పుట్టీ. నేను ఒప్పుకోలేదు. ఇద్దరు మనుషులు ఆరు రోజులపాటు స్క్రాపర్లతో, ఇనుప బ్రష్షులతో మూడు గోడలనూ గట్టి పూత తగిలేదాకా గోకారు. కిటికీ ఊచల పాత ఎనామిల్‌ను మాత్రం తడిపి, ముక్కుకు గుడ్డ కట్టించి గీకించాను. ఇంటి రంగుల్లో విషపూరితమైన సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించరాదన్న నిబంధన 2017 నవంబరులోనే అమలులోకి వచ్చింది, మా ఊచల రంగు అంతకు చాలా ముందుది.

ఉత్తరం సజ్జల కింద పట్టిన నల్లటి పాచికి బ్లీచింగ్ పొడి కలిపిన నీళ్లు పూసి, పావుగంట ఆగి, కొబ్బరి పీచు బ్రష్షుతో రుద్ది కడిగించాను. మా బోరు నీళ్లు ఆరితే తెల్ల మరకలు మిగులుతాయి కాబట్టి చివరి కడుగుడు కృష్ణా నల్లా నీళ్లతో చేయించాను. గోడ అడుగున తేలిన ఉప్పును మాత్రం కడగకుండా పొడి బ్రష్షుతోనే దులిపించాను, ఎందుకంటే తడిపితే అది కరిగి మళ్లీ గోడలోకే ఇంకుతుంది. ఆ తరువాత నాలుగు రోజులు ఏ పనీ చేయించకుండా గోడలను ఆరనిచ్చాను. మేస్త్రీకి అది నచ్చలేదు. పగుళ్లను కాస్త వెడల్పు చేసి నింపి, అవసరమైన చోటే తెల్ల సిమెంటు లప్పం పెట్టించి, ఉప్పుకాగితం పట్టించి, దుమ్ము తుడిపించాకే ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత) వేయించాను. ప్రైమర్‌లో నీళ్లు డబ్బా మీద రాసిన కొలతకు మించకుండా దగ్గరుండి చూసుకోవలసి వచ్చింది.

వెనుక గోడ వంతు వచ్చేసరికి ఇంట్లో నిశ్చితార్థం దగ్గర పడింది. చీపురుతో దులిపి నేరుగా లప్పం పెడతామంటే తలూపాను. ఆ తప్పు నాదే. 2020 అక్టోబరు కుండపోత తరువాత స్నానాలగది కిటికీ కింద అరచేయంత ఉబ్బు లేచింది. గోటితో ఎత్తితే పెచ్చు విరగకుండా అప్పడంలా ఊడి వచ్చింది. దాని వెనుక వైపంతా పాత సున్నం పొడి. లప్పం గట్టిగానే ఉంది, దానికి పట్టు దొరకలేదు, అంతే. ఇప్పుడు ఆ గోడ సగం బోడిగా ఉన్నది.

మిగిలిన మూడింట్లో పడమటి గోడ రంగు బాగా వెలిసింది, కానీ ఈ చలికాలంలో టేపు పరీక్ష మళ్లీ చేస్తే దాదాపు శుభ్రంగానే వచ్చింది. పిట్టగోడ దగ్గర మాత్రం అక్కడక్కడ పొక్కులు ఉన్నాయి. పైన పగిలిన అంచు నుంచి నీళ్లు దిగుతున్నాయి, దాన్ని ముందే సరిచేయించకపోవడం నా రెండో పొరపాటు. లోపల చెమ్మ ఉన్నంతకాలం పైన ఎంత గోకినా ఫలితం ఉండదు.

వెనుక గోడను వచ్చే నెలలో మొదటి నుంచి చేయిస్తున్నాను. పనంతా చదరపు అడుగు లెక్కన ఇస్తే గోకుడు దగ్గరే చేతులు తొందరపడతాయని చూశాను కనుక, ఈసారి గోకి కడిగే పనికి రోజు కూలి, లప్పానికీ రంగుకూ అడుగు లెక్క అని విడివిడిగా మాట్లాడుకున్నాను.