చిన్న ఓడ ఎక్కేవారికి: గది కంటే ముందు రేవులు చూసుకోండి

క్రూజ్‌కు వెళ్లాలనుకునే మన విజయవాడ, గుంటూరు వాళ్లు నన్ను మొదట అడిగేది గది గురించే. బాల్కనీ ఉంటుందా, సూట్ తీసుకుంటే ఎంత తేడా వస్తుంది, ఏ అంతస్తు మంచిది అని. మావారూ నేనూ కొన్నేళ్లుగా చిన్న విలాస ఓడల్లోనే తిరుగుతున్నాం. ఎక్కువగా చూసింది మధ్యధరా సముద్రమే: గ్రీస్, క్రొయేషియా, ఇటలీ, టర్కీ తీరాలు. కుదిరినప్పుడల్లా మావారి అక్కగారు, అంటే మా వదినగారు, మాతో వస్తుంటారు. ఇన్నాళ్ల అనుభవంతో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒక్కటే. చిన్న ఓడలో పెద్ద గది కోసం పెట్టే డబ్బు చాలావరకు దండగ. ఆ డబ్బు మంచి రేవులున్న మార్గానికీ, ఒక రోజు ముందే చేరుకోవడానికీ పెడితే ప్రయాణం నిజంగా విలాసంగా ఉంటుంది.

చిన్న ఓడ అంటే ఎంత చిన్నదో ముందు చెప్పాలి. సీడ్రీమ్ ఓడలో 112 మంది ప్రయాణికులు పడతారు. తెరచాపలున్న విండ్ స్టార్‌లో 148 మంది. 2024లో తిరగడం మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ది సీస్‌లో నిండుగా ఎక్కితే ఏడున్నర వేల మంది. ఈ రెండు రకాల ప్రయాణాలకూ పేరొక్కటే గానీ పోలిక లేదు. చిన్న ఓడలో నీటి జారుడుబండలు, పెద్ద రంగస్థలం, వరుసగా దుకాణాలు ఉండవు. సాయంత్రం ఒక పియానో, ఒక చిన్న గ్రంథాలయం, భోజనాల బల్ల దగ్గర కబుర్లు. అంతే. పదేళ్లలోపు పిల్లలతో వెళ్లేవారికి నేను పెద్ద ఓడే మంచిదని చెబుతాను. చిన్న ఓడలో వాళ్లకు తోటి పిల్లలు దొరకరు, రెండో రోజుకే విసుగెత్తుతుంది.

మరి చిన్న ఓడ ఇచ్చేదేమిటి? పెద్ద ఓడ వెళ్లలేని చోటికి వెళ్లడం. హైడ్రా ద్వీపంలో కార్లు నడవవు, సామాను కంచరగాడిదల మీద మోస్తారు. అలాంటి చిన్న రేవు ముందు లంగరు వేసి, సాయంత్రం రోజువారీ పర్యాటకులంతా వెళ్లిపోయాక వీధుల్లో తిరగడం నాకు ఏ బాల్కనీ కన్నా గొప్పగా అనిపించింది. గ్రీస్‌లోని కొరింత్ కాలువ 1893లో తెరిచారు. పొడవు ఆరు కిలోమీటర్ల పైచిలుకు, అడుగున వెడల్పు సుమారు 21 మీటర్లు. రెండు పక్కలా నిట్టనిలువు రాతి గోడలు, మధ్యలో మన ఓడ. చాలా పెద్ద ఓడలు ఆ కాలువలో పట్టనే పట్టవు. వెనిస్‌లో 2021 ఆగస్టు 1 నుంచి 25,000 టన్నుల స్థూల టన్నేజి దాటిన ఓడలను శాన్ మార్కో ముందున్న జలమార్గంలోకి రానివ్వడం లేదు. చిన్నవాటికి ఆ ఇబ్బంది లేదు. కాబట్టి బుక్ చేసేటప్పుడు గదుల పటం పక్కన పెట్టి రేవుల జాబితా అడగండి. ఏ రేవులో ఎన్ని గంటలు ఆగుతుంది, రాత్రి కూడా ఆగుతుందా, ఒడ్డుకు ఆనించి నిలుపుతారా లేక రేవుకు కాస్త దూరంలో లంగరు వేసి పడవల్లో దింపుతారా? ఈ మూడూ తెలిస్తే ఓడ గురించి సగం తెలిసినట్టే.

ఇక ఊగడం గురించి. ఓడ ఎంత చిన్నదైతే అల అంత తెలుస్తుంది. ఈ మాట అమ్మేవాళ్లు చెప్పరు. గ్రీస్, టర్కీల మధ్యనున్న ఏజియన్ సముద్రంలో జులై, ఆగస్టు నెలల్లో ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి వీస్తుంది. ఆకాశం నిర్మలంగానే ఉంటుంది, సముద్రం మాత్రం తెల్లగా నురగలు కక్కుతుంటుంది. మేము ఒక జులైలో వెళ్లినప్పుడు మికొనోస్ ఎదుట కాసేపు ఆగి, పడవలు దించడం ప్రమాదమని కెప్టెన్ ముందుకే వెళ్లిపోయాడు. అలా మార్గం మార్చే హక్కు అతనికి ఉంటుంది, టికెట్టు షరతుల్లోనే రాసి ఉంటుంది. గ్రీస్ వైపు వెళ్లేవారు మే, జూన్ మొదట్లో గానీ, సెప్టెంబర్ మధ్య నుంచి గానీ వెళ్లండి. మన ఎండలు తప్పించుకోవడానికి కూడా మే నెలే మేలు.

గది మీద డబ్బు దండగ అనడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఓడ అతి తక్కువగా ఊగేది నడిమి భాగంలో, కింది అంతస్తుల్లో. చాలా ఓడల్లో అన్నిటికన్నా చవక గదులు కూడా అవే. పై అంతస్తులో ముందువైపున్న ఖరీదైన సూట్‌లో అలలు బాగా తెలుస్తాయి. కింది గదికి బాల్కనీ ఉండదు, గుండ్రటి అద్దం కిటికీ ఉంటుంది. పగలంతా రేవులోనో డెక్కు మీదో ఉంటాం కదా, గదికి వెళ్లేది నిద్రకే.

వాంతులు, తల తిరుగుడు వచ్చేవారు అవోమిన్ లాంటి మాత్ర ఓడ కదలడానికి ముందే వేసుకోవాలి. వికారం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు. అది మత్తుగా ఉంచుతుంది. గ్లాకోమా, ప్రోస్టేట్ సమస్యలు ఉన్నవారు వైద్యుడిని అడగకుండా వేసుకోకూడదు. మా వదినగారు ఎండు అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని, డెక్కు మీద కూర్చుని దూరంగా దిగంతం వైపు చూస్తూ ఉంటారు. ఆవిడకు అది బాగా పనిచేస్తుంది. గదిలో పడుకుని ఫోను చూస్తూ ఉంటే మాత్రం ఎవరికైనా తిప్పుతుంది.

వైద్యం సంగతి ముందే అడిగి తెలుసుకోండి. 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం 100 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉండి, మూడు రోజులు మించిన అంతర్జాతీయ ప్రయాణం చేసే ఓడలో అర్హత ఉన్న వైద్యుడు ఉండాలి. అంతకన్నా చిన్న నౌకలకు ఆ నియమం వర్తించదు. బీపీ, మధుమేహం ఉన్నవాళ్లం కాబట్టి మేము వైద్యుడు లేని నౌక ఎక్కము. చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు 30,000 యూరోల బీమా చాలు, కానీ సముద్రం మధ్య నుంచి రోగిని తరలించడానికి అది చాలకపోవచ్చు. ఎక్కువ మొత్తానికి తీసుకోండి. పాలసీలో ఓడ ప్రయాణానికి, అత్యవసర తరలింపునకు వర్తిస్తుందని స్పష్టంగా రాసి ఉందో లేదో చదవండి. మందులు, చీటీతో సహా, చేతి సంచిలోనే ఉండాలి.

వీసాలో మనవాళ్లకు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. గ్రీస్‌లో ఎక్కి, టర్కీలోని కుషాదాసీలో దిగి చూసి, మళ్లీ గ్రీస్‌కు వస్తే షెంగెన్ ప్రాంతం విడిచి తిరిగి ప్రవేశించినట్టు లెక్క. ఒకే ప్రవేశం ఉన్న వీసాతో వెళితే ఓడ ఎక్కించుకోరు. దరఖాస్తులోనే పలుమార్లు ప్రవేశం అడగాలి, ఓడ వారి ప్రయాణ పత్రం జతచేయాలి. క్రొయేషియా 2023 జనవరి 1 నుంచి షెంగెన్‌లో చేరింది గానీ పక్కనున్న మాంటెనెగ్రో చేరలేదు. అందువల్ల డుబ్రోవ్నిక్ నుంచి కోటోర్‌కు పోయివచ్చే ఓడలకూ ఇదే మాట.

ఓడ బయలుదేరే రోజున విమానం దిగే ఏర్పాటు ఎప్పుడూ చేసుకోవద్దు. విజయవాడ నుంచి శంషాబాద్‌కు రోడ్డు మీద అయిదారు గంటలు, తరువాత గల్ఫ్‌లో ఎక్కడో విమానం మారాలి. ఒక్క చోట ఆలస్యమైనా ఓడ ఆగదు. మేము కనీసం ఒక రోజు ముందు ఆ ఊరు చేరుకుంటాం. ఒకసారి మా పెట్టె విమానంలో రాలేదు. ఓడ రోజుకొక చిన్న ద్వీపానికి వెళుతుంటే పెట్టె వెనకనుంచి వెంటపడి చేరేసరికి చాలా రోజులు పట్టింది. అప్పటికి నా బట్టలు సగం మావారి పెట్టెలో, ఆయనవి సగం నా పెట్టెలో సర్ది ఉన్నాయి కాబట్టి ఇద్దరికీ గడిచింది. ఈ పద్ధతి అందరూ పాటించండి.

తిండి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అందరి భయమూ దాని గురించే. వదినగారు ఉల్లి, వెల్లుల్లి తినరు. అయినా ఏ ప్రయాణంలోనూ పస్తు లేరు. కారణం, రెండు నెలల ముందే ఆవిడ తిననివి ఏమిటో ఒక కాగితం మీద విడివిడిగా రాసి పంపుతాం. ఊరికే శాకాహారం అని రాస్తే చేప తింటారేమో అనుకునేవాళ్లు ఉంటారు. గుడ్డు, చేప, మాంసం రసం, జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జిగురు) అని పేరుపేరునా రాయాలి. ఎక్కిన రోజు సాయంత్రం ప్రధాన వంటవాడిని కలవాలి. వంద మందికి వండే వంటగది కాబట్టి అతను స్వయంగా వచ్చి మాట్లాడతాడు. మర్నాడు ఏం కావాలో ముందు రోజు రాత్రి చెబితే చక్కగా చేసిపెడతారు. ఒక ఓడలో వంటవాడు రేవులోని సంతకు వెళుతూ వదినగారిని వెంట తీసుకెళ్లాడు. ఆవిడ వంకాయలు ఏరి ఇచ్చారు, కారం ఎలా కూరాలో చేతులతో చూపించారు. ఆ రాత్రి బల్ల మీదికి గుత్తివంకాయ కూర వచ్చింది. "అమ్మాయీ, వీళ్లకు ఉప్పు తెలుసు" అని ఆవిడ మెచ్చుకున్నారు. పెద్ద ఓడలో ఇలాంటిది జరిగే పని కాదు.

ఇంటి నుంచి కందిపొడి, కరివేపాకు కారం తీసుకెళ్లండి. నూనె కారే పచ్చళ్లు తక్కువ పెట్టుకోండి, అవీ కారప్పొడులూ చెక్‌ఇన్ పెట్టెలోనే ఉండాలి, విమానం చేతి సంచిలో ఒప్పుకోరు. నెయ్యి సీసా వద్దు. యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తేనివ్వరు. బియ్యం కుక్కరు, విద్యుత్ కెటిల్ పెట్టుకుని వెళ్లేవారిని చూశాను. నిప్పు ప్రమాదం వల్ల ఓడలో వాటిని తీసేసుకుని దిగే రోజున ఇస్తారు. ఇస్త్రీపెట్టెకూ అదే గతి. గదిలో ప్లగ్గులు తక్కువ కాబట్టి యూఎస్‌బీ చార్జరు ఒకటి ఉంచుకోండి. గోడలు చాలావరకు ఉక్కువి, అయస్కాంతపు కొక్కేలు నాలుగు తెచ్చుకుంటే తడి తువ్వాలు, టోపీ తగిలించుకోవచ్చు.

బట్టలకు కంగారుపడనక్కరలేదు. సాయంత్రం భోజనానికి మంగళగిరి నేత చీర కట్టుకుంటే ఎవరికీ తీసిపోము, మగవారికి కుర్తా పైజమా బ్రహ్మాండంగా సరిపోతుంది. కానీ లంగరు వేసిన చోట చిన్న పడవలోకి దిగేటప్పుడు చీర ప్రమాదం. పడవ లేస్తూ పడుతూ ఉంటుంది. సల్వారు గానీ ప్యాంటు గానీ వేసుకుని, జారని చెప్పులు తొడిగి, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోండి. నావికుడి చెయ్యి పట్టుకోవద్దు, అతని ముంజేతిని పట్టుకోండి, అతనూ మీ ముంజేతిని పట్టుకుంటాడు. అడుగు వెయ్యమన్నప్పుడే వెయ్యండి.

ప్రమాదం వస్తే ఏం చేయాలో చూపే భద్రతా కసరత్తు అనగానే కొందరు గదిలోనే ఉండిపోవాలని చూస్తారు. 2017 నవంబర్‌లో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో పడవ బోల్తా పడి ఎంతమంది పోయారో మన ఊళ్లో అందరికీ తెలుసు. ఆ తరువాత ఏ పడవ ఎక్కినా లైఫ్ జాకెట్ ఎక్కడుందో ముందుగా చూడటం మా ఇంట్లో నియమమైంది. ఓడలో ఏడు చిన్న కూతలు, ఒక పొడవాటి కూత వినబడితే అది అత్యవసర సంకేతం. మీ గది నుంచి, అప్పుడు అందరూ చేరాల్సిన సమావేశ స్థలానికి ఒకసారి నడిచి చూసుకోండి. చిన్న ఓడలో రెండు నిమిషాల పని.

ధర గురించి. రాసేది ఒక్కరికి, కానీ ఇద్దరు ఒక గదిలో ఉంటారన్న లెక్కతో. ముగ్గురు పట్టే గదులు చిన్న ఓడల్లో అరుదు. ఒంటరిగా గది తీసుకుంటే దాదాపు రెట్టింపు దాకా కట్టాలి. వదినగారి విషయంలో మాకు అదే పెద్ద ఖర్చు, అందుకే ఒంటరివారికి అదనపు రుసుము తగ్గించే తేదీల కోసం ఎదురుచూస్తాం. మద్యం కలిపిన ధర మా లాంటి తాగని వాళ్లకు నష్టం. పానీయాలకు విడిగా డబ్బు తీసుకునే ఓడ చూసుకోండి. సిబ్బందికి ఇచ్చే టిప్పులు ధరలో కలిశాయా లేదా అన్నదీ ముందే అడగండి. ఇక్కడ ఏజెంటు వసూలు చేసే టీసీఎస్ (డబ్బు కట్టేటప్పుడే ముందుగా తీసుకునే పన్ను) ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది, రసీదు దాచుకోండి. 2025 జులై నుంచి గ్రీస్ ప్రభుత్వం ఓడ ప్రయాణికుల మీద రుసుము వేస్తోంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా శాంతొరినీ, మికొనోస్‌లలో తలకు 20 యూరోలు.

ఓడ కదలగానే ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఓడ మీది మొబైల్ నెట్‌వర్క్‌కు మామూలు అంతర్జాతీయ ప్యాకులు చాలావరకు వర్తించవు, బిల్లు గుండె ఆగేలా వస్తుంది.

వాతావరణం బాగుంటే కొన్ని ఓడలు వెనకవైపు ఒక వేదిక దించి సముద్రంలోకి ఈతకు దింపుతాయి. చిన్నప్పుడు బందరు కాలువలో ఈత నేర్చుకున్న మావారికి ఓడలో అన్నిటికన్నా ఇష్టమైన గంట అదే. ఈత రానివారికి జాకెట్ తొడిగి కయాక్ పడవ ఇస్తారు. నేను అందులోనే తిరుగుతాను.

దిగే ముందు రాత్రి పెట్టెలు గది బయట పెట్టమంటారు. మర్నాటి బట్టలు, మందులు, కళ్లజోడు విడిగా తీసుకున్నాకే పెట్టెకు తాళం వేయండి. పాస్‌పోర్టులు ప్రయాణమంతా రిసెప్షన్‌లోనే ఉంటాయి, ఆ ఉదయం మరచిపోకుండా అడిగి తీసుకోండి. ఏథెన్స్ రేవు పిరేయస్ నుంచి విమానాశ్రయానికి మెట్రో మూడో లైను నేరుగా వెళుతుంది, గంట పడుతుంది. అయినా తిరుగు విమానం మధ్యాహ్నం దాటాకే చూసుకోండి.