పగడపు పాముల గుర్తింపు పట్టిక: వలయాలు సరే, తల మాటేమిటి?

సావో పాలోలో ఉన్న రోజుల్లో, ఆగ్నేయ బ్రెజిల్‌లోని పగడపు పాములను (ఒంటి నిండా రంగు వలయాలుండే విషపాములు) గుర్తించడానికి అమ్ముతున్న ఒక మడత పట్టికను 40 బ్రెజిల్ రియల్‌లు పెట్టి కొన్నాను. ఎనిమిది మడతలు, రెండు వైపులా రంగు బొమ్మలు, వానకు తడవని లామినేషన్, దారానికి కట్టిన చిన్న భూతద్దం. నా పేచీ ప్రచురణకర్తతో కాదు, పట్టికలోని పద్ధతితో. అందుకే పేరు రాయడం లేదు.

వలయాల బొమ్మలు మాత్రం ఎంతో శ్రద్ధగా వేశారు. అసలు పగడపు పాములను మైక్రూరస్‌లంటారు. వాటిలో అట్లాంటిక్ తీర అడవుల్లో కనిపించే మైక్రూరస్ కోరలినస్‌కు రెండు ఎర్రని పట్టీల నడుమ ఒక్కటే నల్లని వలయం ఉంటుంది, దానికి ఇరువైపులా సన్నని తెల్లని అంచులుంటాయి. మైక్రూరస్ ఫ్రొంటాలిస్‌కు నల్లని వలయాలు మూడేసి చొప్పున గుంపు కట్టి ఉంటాయి. ఈ తేడా ఒక్క చూపులో అర్థమయ్యేలా పక్కపక్కనే చూపించారు. పైగా, ఎరుపు పసుపును తాకితే విషపాము అనే ఉత్తర అమెరికా సూత్రం ఇక్కడ చెల్లదని ముందే హెచ్చరించడం మెచ్చుకోదగ్గది, ఎందుకంటే ఫ్రొంటాలిస్‌లో ఎరుపు నలుపునే తాకుతుంది.

చిక్కంతా మొదటి మెట్టులోనే ఉంది. వలయాలు పొట్ట కిందుగా పూర్తిగా చుట్టుకుని ఉంటే అసలు పగడపు పాము, లేకుంటే దాన్ని పోలిన నకిలీది అని పట్టిక తేల్చేస్తుంది. మనుషులకు పెద్దగా హాని చేయని ఆక్సీరోపస్ అనే నకిలీ పాముల్లో చాలావాటికి ఈ మాట సరిపోతుంది గానీ, ఎరిత్రోలాంప్రస్ ఈస్కులాపీ అనే నకిలీ పాముకు వలయాలు పొట్టను కూడా చుట్టేస్తాయి. అంతకన్నా విడ్డూరం, బతికున్న పాము పొట్ట చూడాలంటే దాన్ని తిరగేయాలి. ఆ పని ఎవరు చేయాలో పట్టిక చెప్పదు.

ఆల్కహాల్‌లో ఉంచిన రెండు పాత నమూనాల మీద దీన్ని పరీక్షించాను. ఏళ్ల తరబడి ద్రవంలో నానడంతో ఎరుపు పాలిపోయి మీగడ రంగుకు దిగింది, ఏది ఒకప్పుడు ఎర్రనిదో ఏది తెల్లనిదో చెప్పలేని స్థితి. పట్టిక రెండింటినీ విషపాములే అంది. అప్పుడు తలను పక్కకు తిప్పి, భూతద్దం కింద ముక్కు దగ్గరి పొలుసు నుంచి కంటి వైపు సూది మొనతో నెమ్మదిగా జరుపుతూ పోయాను. మొదటి పాములో ముక్కు వెనుక పొలుసు నేరుగా కంటి ముందు పొలుసును తాకింది. రెండోదానిలో ఆ రెంటి మధ్య గోరుముక్కంత కూడా లేని చిన్న పొలుసు ఇరుక్కుని ఉంది. లోరియల్ అనే ఆ పొలుసు మైక్రూరస్‌లకు ఉండదు, ఎరిత్రోలాంప్రస్‌కు ఉంటుంది. మన కట్లపాముకూ దాన్ని పోలిన విషం లేని పాముకూ ఉన్న తేడా కూడా ఇదే కాబట్టి, ఊళ్లో పాములను చూసి నేర్చుకున్న కన్నుకు ఇదేమీ కొత్త కాదు. కట్లపాము, నాగుపాము, పగడపు పాము మూడూ ఒకే కుటుంబానివి. భూతద్దం ఇచ్చినవారు దాన్ని ఎక్కడ పెట్టి చూడాలో చెప్పకపోవడమే నాకు మింగుడు పడలేదు. తల పక్కభాగం బొమ్మ ఒక్కటి వేసి ఉంటే, దూరం నుంచి జూమ్ చేసి తీసిన ఫొటోతోనైనా పని జరిగేది.

పేర్ల విషయంలోనూ పట్టిక వెనుకబడింది. ఆల్టిరోస్ట్రిస్, పిర్రోక్రిప్టస్‌లను ఇంకా ఫ్రొంటాలిస్ ఉపజాతులుగానే చూపిస్తోంది. 1999లో సిల్వా, సైట్స్ అనే పరిశోధకులు చేసిన పునఃపరిశీలనలో ఇవి వేర్వేరు జాతులుగా స్థిరపడ్డాయి. ఇది కేవలం పేర్ల పట్టింపు కాదు: బ్రెజిల్‌లో ఈ కాటుకు ఇచ్చే విరుగుడు సీరాన్ని కోరలినస్, ఫ్రొంటాలిస్ విషాలతోనే తయారు చేస్తారు, కాబట్టి ఏ విషాన్ని ఏ జాతి నుంచి తీశారన్నది స్పష్టంగా ఉండాలి.

అయిదుకు రెండున్నర ఇస్తాను, అందులో రెండు బొమ్మలకే. నా ప్రతిలో మొదటి మెట్టును మార్కర్‌తో కొట్టేసి, ఖాళీగా ఉన్న చివరి మడతలో ముక్కు పొలుసు, కంటి ముందు పొలుసు గీసుకున్నాను.